అచ్చిరాని వడియాలు

నా భార్య పోయిన రోజు మా డాబా మీద గుమ్మడి వడియాలు ఎండుతున్నాయి. ఆసుపత్రి నుంచి ఆమెను తెచ్చేసరికి ఎవరో వాటిని గుడ్డతో సహా తీసి పారేశారు. కర్మలయ్యాక, నాతో ఉంటున్న మా అక్క ఒకటే మాట చెప్పింది.

"ఇక మనింట్లో వడియాలు పెట్టొద్దురా. అచ్చిరావు."

మా వైపు చాలా ఇళ్ళలో ఇలాంటిది ఒకటి ఉంటుంది. ఒకరికి ఆవకాయ, ఇంకొకరికి అరిసెలు. ఆ పని సాగుతుండగా మనిషి పోతే ఆ ఇంట్లో అది ఆగిపోతుంది.

అప్పటికే బ్యాంకు ఉద్యోగం మానేశాను. ఆ వేసవి తర్వాత మేముండే విజయవాడలోనే ఒక విశ్వవిద్యాలయంలో ఆహారం, సంస్కృతి, పర్యావరణం చదవడానికి చేరాను. ఇంట్లో పుస్తకాలకు కొదవలేదు. చదివింది చెప్పుకోవడానికే మనిషి లేదు. తరగతిలో పిల్లలు మొదట సర్ అన్నారు, తర్వాత బాబాయ్ అన్నారు.

ప్రాజెక్టుకు ఇళ్ళలో ఆగిపోయిన వంటలను ఎంచుకుని ఉయ్యూరు చుట్టుపక్కల ఊళ్ళు తిరిగాను. తాటాకు ఇళ్ళున్నప్పుడు బూడిదగుమ్మడి తీగ కప్పు మీదికే పాకేదట. స్లాబులు వచ్చాక దొడ్లోకి దిగింది. దొడ్లు పోయాక కాయ మార్కెట్టు నుంచి వస్తోంది. ఇంత మారినా, అచ్చిరావన్న ఇళ్ళవాళ్ళు కూడా వడియాలు తింటూనే ఉన్నారు. పక్కింటివాళ్ళు పెట్టి ఇస్తున్నారు.

రాసింది చదివి మా మేడమ్ అడిగారు. "అందరిళ్ళ గురించీ రాశారండీ. మీ ఇంటి గురించి ఒక్క వాక్యమే ఉంది. మీ ఇంట్లో ఇక ఎప్పటికీ పెట్టరా?"

పెట్టాలని ఉందన్నది నాకు అప్పుడే తెలిసింది. సంవత్సరికం అయ్యాక అక్కతో అన్నాను.

"దాన్ని తీసుకెళ్ళినవాటిని మళ్ళీ ఇంట్లోకి తెస్తావా?" అంది.

గుణదలలో మా పక్కిల్లు రిటైరైన టీచరుగారిది. వాళ్ళు క్రైస్తవులు. సంగతి విని, "మాకా పట్టింపులేం లేవండీ. మా డాబా మీద పెట్టుకోండి," అన్నారు.

గుమ్మడికాయను ఆడవాళ్ళు ముందుగా కొయ్యరు. మగవాడు ఒక దెబ్బ వేసి ఇవ్వాలి. ఇన్నేళ్ళూ వడియాల్లో నా వాటా ఆ ఒక్క దెబ్బే. మిగతాదంతా ఇప్పుడు వాళ్ళనీ వీళ్ళనీ అడిగి చేశాను. టీచరుగారి వంటింట్లోనే ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి, మూటగట్టి బరువు పెట్టాను. పొద్దున్నే మినప్పిండిలో కలిపి వాళ్ళ డాబా మీద గుడ్డ పరిచాను. మా డాబా మీద అక్క బట్టలు ఆరేస్తోంది. ఇటు చూడనట్టే ఉంది. రెండు వరసలు పెట్టానో లేదో, పిట్టగోడ దగ్గరికొచ్చి కేకేసింది.

"ఏంట్రా అది? వడియాలు పెడుతున్నావా, పిడకలు కొడుతున్నావా?"

"నేనూ అదే అంటున్నానండీ. మీ తమ్ముడుగారు వింటేగా," అన్నారు టీచరుగారు.

"వాడు వాళ్ళావిడ మాటే వినలేదు, మీ మాట వింటాడా! ఆపరా, ఇంకొక్కటి పెట్టావంటే ఊరుకోను. అంత లావువి లోపల ఎండుతాయా? బూజు పట్టి చస్తాయి."

బట్టలు అక్కడే వదిలేసి మెట్లు దిగింది. చుట్టూ తిరిగి ఇటొచ్చింది. నన్ను జరగమని, చెయ్యి తడుపుకుని నా వరసలు తీసేసి మళ్ళీ చిన్నవిగా పెట్టడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుంది, మోచేత్తో, పిండి అంటకుండా. టీచరుగారు మంచినీళ్ళు తెస్తానని కిందికి వెళ్ళారు. నేను గిన్నె పట్టుకుని నిలబడ్డాను.

గుడ్డ నిండింది. గిన్నెలో ఇంకా సగం పిండి ఉంది.

"ఇంకో గుడ్డ తెమ్మని టీచరుగారిని అడగనా?" అన్నాను.

"ఎందుకు? మన డాబా ఖాళీగానే ఉందిగా. పట్రా."

"అక్కా..."

"పట్రమ్మంటే పట్రా. పిండి పులుస్తోంది."

మధ్యాహ్నానికి రెండు డాబాల మీదా వడియాలు తెల్లగా ఎండుతున్నాయి. మైలవరం నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేస్తే అక్కే తీసింది. కాకుల కోసం కర్ర పట్టుకుని, గొంతు పెంచి చెబుతోంది.

"ఆఁ, పెట్టుకున్నాం పెద్దమ్మా. ఎవరింట్లోనో కాదు, మా డాబా మీదే. నేనే పెట్టాను. అచ్చొస్తాయి, ఎందుకు రావు? ఎండాక నీకూ పంపిస్తాను."