బయటి బూట్లు

ఉత్తరాదిన సరోజినీ నగర్ సర్కారు క్వార్టర్లలో ఉన్నప్పుడు మా అమ్మాయి మా బ్లాకు పిల్లల ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపరు. అన్నానికి పిలిస్తే వచ్చేది కాదు గానీ, బంతి కోసం బురదలో ఎంతసేపైనా పొర్లేది. ఒక ఏడాది ఫైనల్లో ఆఫీసర్ల బ్లాకు జట్టు మావాళ్లను చిత్తుగా ఓడించింది. ఒక కాంట్రాక్టరు వాళ్లకు డబ్బు పోసి, బయటినుంచి ఇద్దరు మంచి ఆటగాళ్లను తెప్పించాడు. ఇదెక్కడి న్యాయమని నేను మెట్లమీద నిలబడి అరిచాను.

మావారిది అకౌంట్స్ సెక్షన్. కాలనీ కమిటీలోనూ ఉండేవారు. మరుసటి ఏడాది ఆయనే ఒక రూలు పెట్టించారు: ఏ జట్టయినా సొంత బ్లాకు ఇళ్లలో వసూలైన చందాతోనే ఆడాలి, బయటి డబ్బు గానీ వస్తువు గానీ రాకూడదు. అందరూ భేష్ అన్నారు. నేనూ సంబరపడి ఆయనకు పెసరట్లు వేసిపెట్టాను.

తీరా చూస్తే ఆఫీసర్ల బ్లాకులో ఒక్క ఇల్లు ఇచ్చినంత చందా మా మెట్ల వరసలో ఇళ్లన్నీ కలిపినా రాలేదు. వాళ్ల పిల్లలకు కొత్త బూట్లు, ఒక కోచ్. అంతా రూలు ప్రకారమే. మావాళ్లు స్కూలు క్యాన్వాస్ బూట్లతో తడిగడ్డి మీద జారిపడేవారు. ఆస్పత్రిలో నర్సు డ్యూటీ దిగివచ్చి, ఇంట్లో మళ్లీ కట్లు కట్టడమే నా పనైంది.

ఫైనల్ రోజు పొద్దున ఆ కాంట్రాక్టరే మా గుమ్మంలోకి వచ్చాడు, జట్టంతటికీ బూట్లున్న బస్తాతో. "బచ్చే గిర్ రహే హైఁ, దీదీ. రఖ్ లీజియే," అన్నాడు. పిల్లలు పడిపోతున్నారన్న జాలో, ఆఫీసర్లు తనను పక్కన పెట్టారన్న కక్షో నాకు అంతుపట్టలేదు. నిరుడు తిట్టిపోసిన మనిషికే టీ ఇచ్చాను.

"ఉంచుకుందామండీ," అన్నాను మావారితో.

"నిరుడు వాళ్లకిస్తే తప్పు, ఈ ఏడు మనకిస్తే ఒప్పూనా?"

నాకు కోపమొచ్చింది, ఎవరిమీదో తెలియలేదు. తీసుకుంటే జట్టును ఆటలోంచి తీసేస్తారు, వద్దంటే పిల్లలు పడతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి బస్తా వచ్చిన దారినే వెళ్లిపోయింది.

గుమ్మం పక్కన కూర్చుని మా అమ్మాయి అంతా వింది. "డాడీ, యే రూల్ కిస్‌కే లియే బనాయా?" అని అడిగింది.

"మీ కోసమేనమ్మా. డబ్బున్నవాళ్లు మిమ్మల్ని తొక్కెయ్యకూడదని."

అది ఏడవలేదు, ఎదురు తిరగలేదు. ఎప్పుడూ మాకు హిందీలోనే జవాబిచ్చే పిల్ల, నిజంగా అర్థంకాక ఆరోజు తెలుగులో అడిగింది.

"మరి బూట్లు వాళ్ల దగ్గరెందుకున్నాయి?"

ఆయన వంగి దాని క్యాన్వాస్ బూటు లేసు ముడివేశారు. నావైపు చూశారు. తర్వాత వేసిన ముడే విప్పి మళ్లీ వేయడం మొదలుపెట్టారు.