పియానో కాగితంలో మార్చిన కార్డ్

ఎనిమిదేళ్ళుగా శనివారం సాయంత్రాలు హోటల్ బ్యాండులో గిటార్ వాయిస్తున్న వాచీ మెకానిక్‌ని బ్యాండు మాస్టారు ఒక్క మాటతో వెనక్కి నెట్టేశారు.

"ఇకనుంచి సోలో మీ బావమరిది చేస్తాడు. నువ్వు వెనక గిటార్ మీద కార్డులు పట్టుకో, చాలు."

ఆ బావమరిది చేతికి శాక్సఫోన్ ఇచ్చింది తనే. కార్డ్ అంటే కలిసి మోగే స్వరాలనీ, ఒక కార్డ్ వెనక ఇంకోటి నడిచే దారి చూసుకుని అప్పటికప్పుడు పాట అల్లుకోవాలనీ, కొట్లో బల్లమీద వాచీ చక్రాలు వరసగా పేర్చి మరీ నేర్పాడు. వాడు పుస్తకం ముట్టలేదు.

"పేర్లు నాకెందుకు బావా? ఎటు పోదామంటోందో వినబడుతూనే ఉందిగా," అనేవాడు.

మెకానిక్‌కి ఒళ్ళు మండేది. తను సోలో వాయించాలంటే ప్రతి స్వరం ముందే కాగితం మీద రాసుకోవాలి. పైగా ఇంట్లో భార్య, "మా తమ్ముడు ఈల వేసినా వినబుద్ధేస్తుంది," అని మురిసిపోయేది.

బ్యాండు కాగితాలు రాసే పని మాత్రం అతని దగ్గరే మిగిలింది. ఒక శనివారం పియానో కాగితంలో, పాట తన ఆధార స్వరానికి తిరిగొచ్చి ఇల్లు చేరే ముందు ఉండాల్సిన జీ సెవెన్ కార్డ్ కొట్టేసి డీ ఫ్లాట్ సెవెన్ రాశాడు. అంతకంటే పొంతనలేని కార్డ్ అతనికి తోచలేదు. శాక్సఫోన్ కాగితం జోలికి పోలేదు.

సరిగ్గా అక్కడికొచ్చేసరికి పియానో వేరే దారి పట్టింది. బావమరిది కనుబొమ్మ ఎగరేశాడు. పట్టుకున్న స్వరాన్ని అర మెట్టు దించాడు, ఇంకో అర మెట్టు దించి పాటని మెత్తగా ఇల్లు చేర్చాడు. హాలంతా చప్పట్లు. మాస్టారు ఆ మలుపు అలాగే ఉంచమన్నారు.

మర్నాడు మెకానిక్ సంగీతం పుస్తకంలో ఎప్పుడో చదవకుండా దాటేసిన అధ్యాయం తెరిచాడు. ఆ రెండు కార్డుల్లో ముఖ్యమైన రెండు స్వరాలూ ఒకటేనట. ఒకదాని బదులు ఇంకోటి వాయించడం జాజ్ వాళ్ళకి పాత అలవాటేనట. గొయ్యి తవ్వుదామని పోయి మెట్లు కట్టిచ్చాడు.

పెద్ద బ్యాండులో చేరడానికి వెళ్ళిపోతూ బావమరిది కొట్టుకొచ్చాడు.

"పియానో ఆయన కాగితం చూపించాడు బావా, నీ చేతిరాతే. ఎవరడిగినా ఆ మలుపు మా బావదే అని చెబుతున్నా."

మెకానిక్ కంటికున్న భూతద్దం తియ్యలేదు. నోరు మూసుకుంటే ఆ పేరు తనకే దక్కేది.

"చెప్పకురా. నువ్వు అందరి ముందూ బోర్లా పడాలని రాశాను. పడి ఉంటే బావుండేదని ఇప్పటికీ అనిపిస్తోంది."