గ్రామఫోను దగ్గర నేర్చుకున్న ఇటలీ మాటలు

నిన్న మధ్యాహ్నం మా మనవరాలు టేప్ రికార్డరు పక్కన చాప మీద వాలి, హోటలు ఉద్యోగానికి పనికొస్తుందని ఫ్రెంచి పాఠాలు వింటూ వింటూ నిద్రపోయింది. క్యాసెట్టు మాత్రం తన పాటికి తాను మాట్లాడుతూనే ఉంది. లేచి దాన్ని ఆపే ఓపిక లేక నేను కుర్చీలోనే కూర్చుండిపోయాను. తెలియని భాషలో ఒక గొంతు అలా ఎవరికీ కాకుండా పాఠం చెబుతూ ఉంటే, నా మనసు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లోకి వెళ్లిపోయింది.

మాది కోయిలకుంట్ల వైపు పల్లె. డోన్‌కు అవతల ఒక చిన్న మిషను ఆసుపత్రిలో అప్పుడే నర్సుగా చేరాను. దాన్ని నడిపేది ఇటలీ దేశపు సిస్టర్లు. యుద్ధంలో వాళ్లది శత్రుదేశమైందని ఒకరోజు పోలీసులు వచ్చి, అందరినీ రైలెక్కించి ఏదో క్యాంపుకు తీసుకుపోయారు. పెద్ద సిస్టరమ్మను మాత్రం వదిలేశారు. ఆమె పక్షవాతం వచ్చి, తెలివి లేకుండా పడి ఉన్నారు. తెలివి వచ్చేసరికి తోటివాళ్లు ఒక్కరూ లేరు. అంతకంటే కష్టమేమంటే, ఇన్నేళ్లు మాతో మాట్లాడిన తెలుగూ ఇంగ్లీషూ ఆమెను విడిచిపోయి, పుట్టింటి భాష ఒక్కటే మిగిలింది. మేము చెప్పేది ఆమెకు అర్థం కాదు, ఆమె చెప్పేది మాకు అర్థం కాదు.

వంకరపోయిన నోటితో పొద్దస్తమానం ఒకే మాట అనేవారు. మా ఆయా చెవికి అది 'దోవ' అని వినిపించింది.

"దోవ అడుగుతాండాది నర్సమ్మా. యాడికో పోవాలని ఉండాదేమో పాపం."

నిజమేననుకొని ఇద్దరం ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, వరండాలోకి మోసుకొచ్చి, ఎండలో తెల్లగా కాలిపోతున్న బాట చూపించాము. ఆమె బాట వైపు చూసి, మా మొహాలు చూసి, కళ్ల నీళ్లు పెట్టుకున్నారు. ఆ పూట నుంచి గంజి కూడా మేము బలవంతాన పోస్తేనే దిగేది.

మందుల గదిలో ఒక గ్రామఫోను ఉండేది. సిస్టర్లతో వాళ్ల భాషలో మాట్లాడాలని, అంతకుముందు పనిచేసిన ఇంగ్లీషు డాక్టరమ్మ మద్రాసు నుంచి ఇటలీ పాఠాల ప్లేట్లు తెప్పించుకొని, యుద్ధపు కొలువుకు వెళుతూ వదిలిపోయింది. వాటితో వచ్చిన, ఇంగ్లీషు అర్థాలున్న పుస్తకం సగం చెదలు తినేశాయి. రోగుల భోజనాలయ్యాక, సిస్టరమ్మ మాట తెలుసుకోవాలని, కాళ్లు పీకుతున్నా వెళ్లి దాని ముందు కూర్చునేదాన్ని. మొదట్లో ప్లేటు మొత్తం వినేదాన్ని. వడగళ్ల వానలా మాటలు పడేవి, ఒక్కటీ నిలిచేది కాదు. వింటూ నేనూ కునికేదాన్ని.

అప్పుడు మా నాయనమ్మ గుర్తుకొచ్చింది. ఆమెకు అక్షరం రాదు, అయినా చర్చి కీర్తనలన్నీ నోటికి వచ్చు. పాస్టరుగారు ఒక్క చరణం చెబితే, అది నాలుక మీద కుదిరేదాకా తిరిగి చెప్పి, తర్వాతే రెండోదానికి పోయేది. నేనూ అదే పట్టుకున్నాను. ఒక్క వాక్యం వినడం, గ్రామఫోను ముల్లు ఎత్తేయడం, పుస్తకం తెరవకుండా గట్టిగా పలకడం, మళ్లీ ముల్లు దించి నా పలుకు సరిపోయిందో లేదో చూసుకోవడం, చివరికి అర్థం చూడడం. పడకలు సర్దుతూ, కట్లు కడుతూ కూడా అవే మాటలు గొణుక్కోవడం. యుద్ధంలో ఉక్కు ముళ్లు దొరక్కపోతే ఆయా తుమ్మముల్లు చెక్కి ఇచ్చేది. దానితో ప్లేటు మీది పెద్దమనిషి జలుబు చేసినట్టు మాట్లాడేవాడు.

అవన్నీ ప్రయాణికుల పాఠాలు. ఒకదానిలో ఆ పెద్దమనిషి 'దోవె సోనో' అంటూ తన పెట్టెల కోసం వెతుక్కుంటాడు. నాలుగైదుసార్లు పలికాక అందులో సిస్టరమ్మ అనే 'దోవ' వినిపించింది. పుస్తకం చూశాను. 'ఎక్కడున్నాయి' అని. సిస్టరమ్మ దోవ అడగడం లేదు. వాళ్లంతా ఎక్కడని అడుగుతున్నారు. ఇన్నాళ్లూ ఆమెకు ఆ సంగతి చెప్పిన నాథుడు లేడు.

మంచం దగ్గరికి వెళ్లాను గాని, జైలు, పోలీసు, యుద్ధం అనే మాటలు నా పాఠాల్లో లేవు. స్టేషను ఉంది, రైలు ఉంది. అక్కచెల్లెళ్లకు ఉన్న మాటనే సిస్టర్లకు వాడి, 'సొరెల్లె' రైల్లో వెళ్లారు, తిరిగి వస్తారు అని కూడబలుక్కొని చెప్పాను. వస్తారో రారో నాకేం తెలుసు! ఆ పుస్తకంలో పోయిన రైళ్లన్నీ తిరిగి వచ్చేవే. ఆమె వంకర నోటితో, బడిలో పిల్లను దిద్దినట్టుగా, 'సొరెల్లె' కాదు, మఠం సిస్టర్లను 'సువోరె' అనాలని నా చేత మళ్లీ మళ్లీ పలికించారు.

తలుపు దగ్గర నిలబడిన ఆయా అడిగింది: "ఏమంటాండాదమ్మా?"

"గంజి తీసుకురా, తాగుతాది" అన్నాను. తాగారు.

ఆ తర్వాత పాఠం ప్లేటు దగ్గర సగం, ఆమె దగ్గర సగం నడిచింది. వానలు పడకముందే ఆమె పోయారు. యుద్ధం ముగిసినా ఆ సిస్టర్లు మా ఆసుపత్రికి తిరిగి రాలేదు; వేరేవాళ్లు వచ్చారు.

ఇప్పుడు ఏ దేశపు గొంతు కావాలన్నా బజార్లో దొరుకుతుంది, వినడానికి తుమ్మముల్లు చెక్కనక్కరలేదు. మంచిదే. అయినా ఎంత విన్నా మాటలు నిలవడం లేదని పిల్లలు విసుక్కుంటూ ఉంటే, నాకు సిస్టరమ్మే గుర్తుకొస్తుంది. నాకు అప్పుడు ఒళ్లంతా అలసిపోయి ఉన్నా, పక్క గదిలో ఒక మనిషి జవాబు కోసం ఎదురుచూస్తూ ఉండేది. నేర్చిన మాటలు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. ఆమె పోయాక ఆ భాషలో నన్నెవరూ ఏమీ అడగలేదు.