దుబాయి ఎండ

మా అమ్మాయి చెవికమ్మలు చేద్దామని తెప్పించుకున్న పాలిమర్ క్లే, అదే ప్లాస్టిక్ బంకమన్ను, పొట్లం విప్పగానే, ఆ కొత్త ప్లాస్టిక్ వాసన నన్ను మెట్‌పల్లిలోని మా పాత ఇంటికి లాక్కెళ్లింది.

బాపు దుబాయి నుంచి ఛుట్టీ మీద వచ్చినప్పుడు నాకు అలాంటిదే ఎర్ర ముద్ద తెచ్చాడు. అది రాయిలా ఉంది. మా అమ్మను అవ్వ అనేదాన్ని; ఆమె బీడీలు చేసేది. తునికాకులను మెత్తబరిచినట్టే దాన్నీ తడిబట్టలో చుట్టి పెట్టింది. తెల్లారి చూస్తే అంతే గట్టిగా ఉంది.

"గింత దూరం గీ రాయిని మోసుకొచ్చినవా?" అని నవ్వింది అవ్వ.

"నీళ్లకు కాదే, చేతి వేడికి మెత్తగైతది," అంటూ బాపు ముద్దను ముక్కలుగా తుంచి, అరచేతుల మధ్య నలుపుతూ కూర్చున్నాడు. కాసేపటికి అది రొట్టెపిండిలా సాగింది. ఆ చేతుల్లో ఉన్నది దుబాయి ఎండ అనుకున్నాను నేను.

ఆయన వెళ్లిపోయాక మిగిలిన ముద్ద మళ్లీ గట్టిపడింది. బాపు వస్తే తప్ప మెత్తబడదని దాన్ని డబ్బాలో దాచి, రెండేళ్లు ముట్టుకోలేదు.

"అమ్మా, గిది రాయి లెక్క ఉన్నది. పాడైందా?" అంది మా అమ్మాయి.

తీసుకుని అరచేతుల్లో నలిపాను. అమ్మాయితో మాట్లాడుతుండగానే ముద్ద మెత్తబడింది.

దుబాయి నేనెన్నడూ చూడలేదు.