నా వంతుకి మిగిలిన స్టూలు

గుడివాడలో నేను వెళ్ళే డ్రాయింగ్ క్లాసులో మోడల్స్ ఉండరు. మేమే ఒకరికొకరం కూర్చుంటాం. ఈ రోజు నా స్నేహితురాలు సునీత కోసం మెడ పట్టేసినా కదలకుండా గంటసేపు కూర్చున్నాను. బొమ్మ చాలా బాగా వచ్చింది, సార్ మెచ్చుకున్నారు. తీరా నా వంతు వచ్చేసరికి తను బ్యాగు భుజాన వేసుకుంది.

“ఒసేయ్, కూర్చున్న మనిషి బొమ్మ రేపు సార్‌కి ఇవ్వాలే! లేకపోతే పై బ్యాచ్‌లోకి తీసుకోరు” అన్నాను.

“ముదినేపల్లి బస్సు వెళ్ళిపోతుందే! ఇంటికెళ్ళి మీ అమ్మని కూర్చోబెట్టుకో” అంటూ పరుగెత్తింది.

రొయ్యలు వలిచే షెడ్డులో పని చేసి వచ్చి నేరుగా వంటగదిలోకి వెళ్ళే మా అమ్మ కుదురుగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

అందుకే క్లాసులో మిగిలిన ఆ ఖాళీ స్టూలే గీసుకొచ్చాను. కింద ‘సునీత’ అని రాసి ఇచ్చేయనా? మీరే చెప్పండి.