వచ్చిందా?

హఫీజ్‌పేటలో నేను కిరాయికి ఉన్న రోజుల్లో మాదాపూర్ వైపు బండలు పేల్చి అద్దాల మేడలు కడుతుండేవారు. ఊరంతా కంప్యూటర్ నేర్చుకుంటుంటే నేను తలుపు వేసుకుని, పాత పియానో ముందు కూర్చుని సొంత బాణీ ఒకటి కట్టుకుంటూ ఉండేదాన్ని. కచేరీలకు పిలిచినా వెళ్ళేదాన్ని కాదు. జనం ముందు కూర్చుంటే, చప్పట్లు పడిన చోటే నా చేయి ఆగిపోతుందని నా మొండి నమ్మకం.

ఆ బాణీలో ఒక మలుపు నెలల తరబడి లొంగలేదు. వాయించేదాన్ని, రాసుకున్నది కొట్టేసేదాన్ని, మళ్ళీ వాయించేదాన్ని. వాకిట్లో బియ్యం ఏరుకుంటూ ఇంటి ఓనరమ్మ కిటికీలోంచి రోజూ అడిగేది.

"వచ్చిందా బిడ్డా?"

"ఇంకా రాలేదమ్మా."

"గిన్ని దినాలాయె. రాకుంటే ఇడిసిపెట్టు. జర కంప్యూటరన్నా నేర్చుకోరాదు?"

ఆ మాటకు ఒళ్ళు మండేది. ఆ మంటతోనే ఇంకో గంట కూర్చునేదాన్ని.

ఒక పొద్దున అది వచ్చేసింది. మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా వాయించాను. ఆవిడ అడగకముందే కిటికీ దగ్గరికి వెళ్ళాను.

"వచ్చిందమ్మా!"

"మంచిగైంది. ఇంతకీ ఎవరి పాటది?"

"నాదే. నేనే కట్టాను."

ఆవిడ చాట పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"నీదే అయితే, నీకు ఇన్ని దినాలు రాకపోవుడేంది?"

మర్నాడే మరొకటి మొదలుపెట్టాను. అదీ నాదే. అదీ ఇంకా రాలేదు.