డెల్ఫీనా చుట్టిన అంచు

ఇటలీలో కోమో సరస్సు మీది కొండ ఊళ్లో డెల్ఫీనా ముప్ఫై ఏళ్లుగా పట్టు రుమాళ్ల అంచులు కుడుతోంది. ఆమె పనిలో చేరేనాటికి రవాల్డి సంస్థ అంటే మెడ టైలు అమ్ముకునే ఒంటిగది కొట్టు. ఇప్పుడు మిలానులో దాని తలుపు తియ్యడానికే ఒక మనిషిని పెట్టారు. కొట్టు పెరిగింది గానీ అంచు మారలేదు. వేలితో చుట్టాలి, సూదితో పట్టాలి, కుట్టు కనపడకూడదు. మిషను అంచు చచ్చిన పాములా పడి ఉంటుందని ఆమె అనేది. నిజమే.

గరుకు చేతికి పట్టు పోగు లేస్తుంది. అందుకే ఆమె పార పట్టదు. అంట్లు మొగుడు తోముతాడు. ఊరు "దొరసాని" అని పేరు పెట్టింది. పెడితే పెట్టింది.

ఆ అక్టోబరులో వాన ముంచుకొచ్చింది. పక్కింటి ఒంటరి ముసలమ్మ అక్రోటు కాయలు పెరట్లో నానిపోతుంటే డెల్ఫీనా చూస్తూ ఊరుకోలేకపోయింది. ఇంట్లోవాళ్లని వెంటేసుకుని వెళ్లి సాయంత్రం దాకా పచ్చి తొక్కలు ఒలిచింది. తొక్కల రసానికి వేళ్లు బొగ్గులయ్యాయి. ఆ మరక వారాల తరబడి వదలదు. చెమట పట్టిందా, ముట్టుకున్నదానికల్లా అంటుతుంది.

మర్నాడే రవాల్డి మూట దిగింది. పన్నెండు తెల్ల రుమాళ్లు, శనివారం ప్రదర్శనకి. పని ఇంకొకరి చేత చేయిస్తే మళ్లీ ఇవ్వరు, అది అక్కడి కట్టుబాటు.

"నిమ్మకాయ రుద్దు," అన్నాడు మొగుడు.

"తోలు పోతుంది, రంగు పోదు."

ఇంట్లో తెల్లటి వేళ్లు కోడలు ఇనెస్‌వే. అందరూ ఒలుస్తుంటే జుట్టు వంకీలు తిప్పించుకోవడానికి జారుకున్న మనిషి. రెండేళ్లుగా నూలు ముక్కల మీద నేర్చుకుంటోంది. అత్త ఇంతవరకూ పట్టు ముట్టనివ్వలేదు.

"రావే సోమరిపోతా, కూర్చో."

"నిన్న తిట్టారు, ఇవాళ కుర్చీ వేస్తున్నారా అత్తయ్యా?"

"నోరు కాదు, వేళ్లు ఆడించు."

నాలుగు రోజులు డెల్ఫీనా దూరంగా నిలబడి అల్లిక పుల్లతో చూపించింది. "లావైంది, విప్పు." ఇనెస్ విప్పింది, ఏడ్చింది. "ఏడుపు అటు తిరిగి ఏడు. పట్టు మీద పడిందో, చంపుతా."

శుక్రవారం సంస్థ తరఫున సిన్యోరినా తేయా, అంటే కుమారి తేయా, సరుకు తీసుకోవడానికి వచ్చింది. పన్నెండు అంచులూ తడిమి చూసింది. "మీ చెయ్యే చెయ్యి, డెల్ఫీనా గారూ."

తల ఊపితే సరిపోయేది. డెల్ఫీనా ఏప్రాను కిందనుంచి చేతులు బయటికి తీసింది. "ఈ చేతులా? మా కోడలు కుట్టింది."

"కట్టుబాటు తెలుసుగా?"

"తెలుసు. నా పని ఆపండి. దాని పేరు రాసుకోండి."

తేయా మళ్లీ ఒక అంచు తడిమింది. పుస్తకం తీసి డెల్ఫీనా పేరు కిందే ఇనెస్ పేరు రాసింది. "మీది కొట్టెయ్యడం లేదు. రంగు పోయాక కబురు పెట్టండి."

ఇనెస్ ఎగిరి గంతేసింది. డెల్ఫీనా మాత్రం పుల్లతో ఒక రుమాలు పైకెత్తింది.

"దీని మూల లావుగా ఉంది. సిన్యోరినా, మీ రైలుకి ఇంకా గంట ఉంది. కూర్చోండి. నువ్వు విప్పవే."